గ్రిగోరికి నడుం నొప్పి

పగలు టంగుటూరు వేలం కేంద్రంలో గుమాస్తాని.
బేలు నంబరు, గ్రేడు, కిలోలు, రైతు పేరు.
రాత్రి పదిన్నర దాటాక మాత్రం
నా చేతికింద ఒక రష్యావాడు పనిచేసేవాడు.

పేరు గ్రిగోరి.
ఎత్తు ఆరడుగుల తొమ్మిదంగుళాలు.
మొదటి నవల్లో ఏడున్నర అడుగులని రాస్తే
బెజవాడ పబ్లిషరు ఎర్రసిరాతో కాస్త కుదించాడు.
తలుపు తీయడం వాడికి రాదు, విరగ్గొట్టడం వచ్చు.
ఇనప చువ్వని జంతికలా చుట్టేవాడు,
మంచులో చొక్కా లేకుండా నిలబడి
"చంపుతా" అనేవాడు.
పదకొండు నవలల్లో
వాడు ఇంకో మాట మాట్లాడిన గుర్తు లేదు.
వాడికి అమ్మ ఉందా అని
నేనూ అడగలేదు, అద్దెకి పట్టుకెళ్లినవాళ్లూ అడగలేదు.
ఒంగోలు అద్దంకి బస్టాండు పక్క షాపులో
అందరికన్నా ముందు నా పుస్తకాల అట్టలే ఊడిపోయేవి.
అంతకన్నా ఏం కావాలి?

నేను మంచు చూడలేదు.
కొత్తపట్నం చేపల మీద వేసే ఐసు చూశాను,
రంపప్పొట్టు అంటుకున్నది.
రష్యానంతా అందులోంచే తవ్వుకున్నాను.
ఆ భుజాలు మాత్రం కళ్లారా చూసి రాసినవి.

హమాలీ మాల్యాద్రివి.
నూటిరవై కిలోల బేలు వీపుకెత్తుకుని నడుస్తుంటే
మెడ నరం మోకులా లేచి
చెవి వెనక్కి పోయేది.
ఆ నరాన్ని అట్నే తీసి గ్రిగోరికి పెట్టాను.
ఆ వీపు పెట్టాను.
పొగాకు జిగురుకి నల్లబడి
ఏ సబ్బుకీ లొంగని ఆ అరచేతులకి
కాస్త సున్నం కొట్టి పెట్టాను.
మనిషిని కాటా దగ్గరే వదిలేశాను.
టంగుటూరు వాడి బలాన్ని
అర్ధరూపాయి అద్దెకైనా ఎవరు తీసుకుంటారు?

ఒక ఏప్రిల్లో చెప్పారు,
రష్యా నుంచి బయ్యరొస్తున్నాడని.
ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందే వెళ్లాను.
గుమ్మం ఎత్తు చాలుతుందా అని కూడా చూశాను.
కారు దిగినాయన నా భుజం దాటలేదు.
బట్టతల, లావు కళ్లద్దాలు, ఎండకి పొక్కిన ముక్కు.
పది అడుగులు వేసి కళ్లు తిరిగి
ఎవరో రైతు తెచ్చుకున్న గోతాం మీద కూలబడ్డాడు.
నిమ్మసోడా ఇస్తే గోలీ చప్పుడుకి ఉలిక్కిపడ్డాడు.
తేరుకున్నాక ఒక ఆకు తీశాడు.
పసిబిడ్డ చెవి పట్టుకున్నట్టు
రెండు వేళ్లతో పట్టుకుని
కళ్లు మూసి వాసన చూశాడు
చాలాసేపు.
నా గ్రిగోరి ఏ పనీ
అంత మెల్లగా చేయలేదు.

దుబాసీతో అడిగించాడు,
పాములాడించేవాళ్లు ఈ ఊళ్లో ఎక్కడుంటారని.
చిన్నప్పుడు కథల్లో చదివాడట,
ఇక్కడ అందరి బుట్టల్లోనూ పాములుంటాయని.
అడుగుతూ నా అన్నం బుట్ట వైపే చూస్తున్నాడు.
మూత తీశాను. పెరుగన్నం, గోంగూర పచ్చడి.
ఇద్దరం నవ్వుకున్నాం.
నా సంగతి ఆయనకి తెలియదు కాబట్టి
ఆయన నవ్వు నా నవ్వుకన్నా తేలిగ్గా ఉంది.

ఆ సాయంత్రమే మాల్యాద్రి
బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకుని దగ్గరికొచ్చాడు.
"గుమాస్తా గారూ, మా పిల్ల మీ బుక్కు చదివి ఇనిపించింది,
రెండు రాత్రుళ్లు."
నాకు చెమట పట్టింది. తన నరం తాను గుర్తుపట్టాడా?
"బాగానే ఉంది గానీ ఒక్కటి అడుగుతా.
అన్నన్ని తలుపులు పగలేస్తాడే, అంతంత బండలెత్తుతాడే,
ఆ రష్యావోడికి నడుం నొప్పి రాదా?
రేత్తిరిపూట వాడికి కాపడం పెట్టేదెవురు?"

ఏదో నంబరు వెతుకుతున్నట్టు
రిజిస్టరు తిరగేశాను.

పన్నెండో నవల బెజవాడ నుంచి తిరిగొచ్చింది.
ఫైటింగు ఏదీ, అని మార్జిన్లో ఎర్రసిరా.
నిజమే, లేదు.
మొదటి పేజీలోనే గ్రిగోరి మంచం మీంచి లేవలేకపోయాడు.
బయట మంచు, కొంచెం రంపప్పొట్టు.
పొయ్యి దగ్గర ఒక ముసలామె
ఇటుక వేడిచేసి పాతగుడ్డలో చుడుతోంది.
ఆమెని ఏమని పిలవాలో
వాడికి తెలుసు. నాకే
ఇంకా తెలియదు.